బతికున్న మేనత్తకు నువ్వులు నీళ్లు

పంజాగుట్ట,
12-8-2001

బాబాయ్ గారికి,

నమస్కారం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మన వంశవృక్షం పుస్తకం ప్రూఫులు దిద్దమని నాకు పంపారు కదా. అందులో మీ మేనత్త ఛాయాదేవి 1956 మే 9న చనిపోయిందని ఉంది. నేతపనివాళ్ల అబ్బాయిని చేసుకుందని, ఆమె బతికుండగానే తాతయ్య కర్మ చేయించాడని నిన్న మీ అబ్బాయి వివేక్ నోరు జారాడు. అడ్రసూ చెప్పాడు.

ఈ ఉదయం వెళ్లాను. అమీర్‌పేటలో, కంప్యూటర్ కోచింగుల వెనక సందులో, చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చుని ఉంది. ఆ తేదీ సంగతి అడిగితే నవ్వి సూదిలో దారం ఎక్కించుకుంది. ఆవిడ భర్త పర్శరాములు గారు మాత్రం, "గా దినమే మా లగ్గమైంది బిడ్డా" అన్నారు.

వివేక్ జావా నేర్చుకున్న ఆరు నెలలూ అన్నం తిన్నది ఆ ఇంట్లోనే. తీసుకొచ్చి దింపింది మీరే. అదే ఏడు మహాలయ పక్షంలో చనిపోయినవాళ్లతోపాటు ఆమె పేరూ చెప్పి నువ్వులు, నీళ్లు వదిలారు. వంటింటి గుమ్మంలో నిలబడి నేనూ విన్నాను.

ఇందాక ఫోన్ చేస్తే, "ఉండనీవే, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. ఆ తేదీ నేను కొట్టేశాను. మళ్లీ పెట్టేట్టయితే నా పేరూ కొట్టేయండి.

మీ తర్పణాల సంగతి ఆమెతో అనలేదు. వివేక్‌కి ఇష్టమని డబ్బా నిండా నువ్వుండలు పెట్టి ఇచ్చింది. వాడి చేతే ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీరూ ఒకటి తినండి, మింగుడు పడితే.

మీ అన్నగారి అమ్మాయి