రెండో గొంతు

ఇంజనీరమ్మ గారికి,

ఇక్కడ అంతా క్షేమం. అంతా అంటే నేనొక్కణ్ణే అనుకో, అయినా ఉత్తరం అన్నాక ఆ మాట లేకపోతే బోసిగా ఉంటుంది. నువ్వూ, ఆకాశం కేసి నోరు తెరుచుకుని కూర్చున్న నీ పెద్ద టెలిస్కోపు గిన్నే అక్కడ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. ఆరు పేజీలు. ముందు పేజీలు లెక్కపెట్టి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చదివాను. పేజీలు ఎందుకు లెక్కపెడతానో కూడా ఈ ఉత్తరంలోనే చెబుతాను, కాస్త ఆగు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. ప్లంబరు ఇదిగో వస్తున్నా, అదిగో వస్తున్నా అని మూడు నెలలు తిప్పించుకున్నాడు. ఇక లాభం లేదని నేనే వాషరు మార్చాను. ఇప్పుడు కారదు గానీ, తిప్పినప్పుడల్లా తోక తొక్కిన పిల్లిలా అరుస్తుంది. కళ్ళజోడు మార్చుకోలేదు, తిట్టకు. తీరిక లేదని రాయబోయి ఆగాను. తీరిక బోలెడుంది. తోడు ఎవరూ లేకుండా ఆ చీకటి గదిలో కూర్చుని గోడ మీది అక్షరాలు చదవబుద్ధి కాక వెళ్ళలేదు. వంట చేసుకుంటున్నాను. ఒకరికి సరిపడా అన్నం వండడం మాత్రం ఈ పద్నాలుగు నెలల్లోనూ చేతకాలేదు. చిన్న గ్లాసుతో కొలిచినా ఇద్దరికి అవుతోంది. మర్నాడు అదే తింటున్నాను.

ల్యాబులో పని బాగానే ఉంది. ఈ వారం ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారికి కట్టుడు పళ్ళ సెట్టు చేశాను. ఆయనకి పళ్ళన్నీ తెల్లగా, గీత గీసినట్టు ఒకే వరసలో కావాలి. అలా పెడితే కట్టుడు పళ్ళని వీధి చివరనుంచే తెలిసిపోతుందండీ, ఒకటి రవ్వంత వంకరగా, ఒకటి కాస్త పచ్చగా ఉంటేనే అసలువాటిలా ఉంటాయి అని చెప్పాను. ఆయన మండిపడ్డాడు.

"ముప్పై ఏళ్ళు పిల్లల్ని వరసలో నిలబెట్టినవాణ్ణయ్యా! చివరికి నా నోట్లోనే వరస తప్పాలా?"

నవ్వాపుకోలేకపోయాను. ఇంటికొచ్చాక ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని తోచి, తలుపు తాళం తీస్తూ "ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టేశాను కూడా. ఇంట్లో ఎవరున్నారు?

ఇంటి ఓనరమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. ఆవిడకి మన ఆదివారాలు ఇంకా గుర్తే. పొద్దున్నే కిటికీ తలుపులు తీసుకుని, నువ్వు కంప్యూటర్ ముందూ నేను నోటుపుస్తకంతో పక్కనా కూర్చుని పాఠం అప్పజెప్పినట్టు అరుచుకునేవాళ్ళం కదా. ఒకసారి ఉండబట్టలేక పైకి వచ్చి అడిగింది, "ఎనభై ఒకటి, ఎనభై రెండు అని ఏంటమ్మా ఆ అరుపులు?" అని. ప్రాసెసర్ని కంపెనీవాళ్ళు పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పరిగెత్తిస్తున్నామండీ, మరీ వేడెక్కకుండా చూస్తున్నామండీ అని నువ్వు ఎంతో ఓపిగ్గా చెప్పావు. ఆవిడ అంతా విని, "పరిగెత్తి ఎక్కడికి పోవాలట?" అంది.

అయినా ఎంత పద్ధతిగా చేసేవాళ్ళం! వేగం ఒక్క మెట్టు పెంచడం, అరగంట పరీక్ష పెట్టడం, పని మీద పడగానే వేడి ఎంతకి ఎక్కిందో, వోల్టేజి ఎంతకి జారిందో చూడడం. ఎనభై అయిదు డిగ్రీలు దాటితే వెనక్కి రావడమే, బేరాల్లేవు. నువ్వు పెట్టిన రెండు గొంతుల నియమం ఒకటి ఉండేది. ఒకరు అంకె చదవాలి, రెండోవాళ్ళు అది తెర మీద చూసి మళ్ళీ పైకి అనాలి. రెండు గొంతులూ ఒకటే చెబితేనే పుస్తకంలోకి ఎక్కాలి, మెషీన్లోకైనా అంతే. మొదట్లో చాదస్తం అనుకున్నాను. నాలుగు పాయింట్ ఎనిమిది గిగాహెర్ట్జ్ దాకా అలాగే తీసుకెళ్ళాం. మిగిలింది మీరు చూసుకోండి, నేనొచ్చేసరికి అయిదుకి తీసుకెళ్ళాలి అని చెప్పి, సెల్‌ఫోను కూడా వాడనివ్వని ఆ టెలిస్కోపు దగ్గరికి వ్యానెక్కావు.

ఇక నీ ఉత్తరంలో నాలుగో పేజీ. అది చదివిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. "మీరు ఒక్కరే అయిదుకి తీసుకెళ్ళారు, మూడు నెలలుగా ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తోందని రాశారు. ఒంటరిగా ఎలా ఉంటారో అని ఇన్నాళ్ళూ దిగులుపడ్డాను. ఇప్పుడు నిశ్చింతగా ఉంది. ఇక్కడ ఇంకో ఏడాది ఉండమంటున్నారు. సంతకం పెట్టేస్తాను. నెలాఖరు వ్యాను ఉత్తరాలు తెచ్చి, గంటలో ఫారాలు తీసుకుని వెళ్ళిపోతుంది" అని రాశావు.

అయిదో పేజీలో ఒక చిన్న సందేహం అన్నావు. "ఏమండీ, ఎండలు మండిపోతున్నాయి, గది ముప్పై అయిదు ఉంది అని మీరే రాశారు. ఖాళీగా ఉన్న ప్రాసెసర్ ముప్పై రెండు అనీ మీరే రాశారు. ఫ్యాను గాలితో చల్లబడేది గదికన్నా చల్లగా ఎలా ఉంటుందండీ? సెన్సర్ తప్పు చూపిస్తోందేమో, ఒకసారి చూడండి." ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానో. నీకు తెలిసిపోయి అడిగావా, తెలియక అడిగావా అని అక్షరం అక్షరం వెతికాను. తెలియక అనే అనిపించింది. నన్ను అనుమానించే కంటే ముందు సెన్సర్ని అనుమానించావు. అది చూశాక ఇక దాచడం నా వల్ల కాలేదు.

సెన్సర్ తప్పు లేదు. అసలు ప్రాసెసరే లేదు. నాలుగు నెలల కిందట కాలిపోయింది.

ఒక ఆదివారం పొద్దున అయిదు గిగాహెర్ట్జ్‌కి మొదటి ప్రయత్నం. వోల్టేజి ఒకటి పాయింట్ రెండు అయిదు పెట్టాలని పుస్తకంలో ముందే రాసుకున్నాను. మెషీన్లో ఒకటి పాయింట్ అయిదు రెండు కొట్టాను. పైకి కూడా "ఒకటి పాయింట్ రెండు అయిదు" అనే అన్నాను. నేను అనాలనుకున్నదే అన్నాను, తెర మీద ఉన్నది చదవలేదు. నువ్వుంటే "ఆగండాగండి" అనేదానివి. అంకె ఎర్రగా మారింది. మార్చిన అంకె కదా, అందుకే ఎరుపు అనుకున్నాను. నీకు పంపిద్దామని ఫోన్లో ఫొటో కూడా తీసి, పరీక్ష మొదలుపెట్టాను.

అదే సమయానికి ఓనరమ్మ తలుపు తట్టింది. కిందకి నీళ్ళు కారుతున్నాయట, కుళాయి గొడవ. రెండు నిమిషాల మాట. నిజం చెప్పనా, ఆవిడని నేనే వదల్లేదు. ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి అడిగాను, వాళ్ళ తమ్ముడి కొత్త ఇంటి గురించి అడిగాను, ఏ రంగు వేయించారో కూడా అడిగాను. రెండు రోజులైంది నాతో ఒక మనిషి మాట్లాడి. ఇరవై నిమిషాలు గుమ్మంలో నిలబెట్టాను. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. ఏ తప్పు చేశానో చూసుకోకుండా మళ్ళీ స్విచ్ వేశాను, ఆగిపోయింది. మళ్ళీ వేశాను. మూడోసారి సన్నగా కాలిన వాసన వచ్చింది.

మనకి బోర్డు అమ్మిన షాపతను వేరే ప్రాసెసర్ పెట్టి చూశాడు. బోర్డు బాగానే ఉంది, ప్రాసెసరే పోయింది అన్నాడు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఇంత జాగ్రత్తగా రాసినవాళ్ళు వోల్టేజి దగ్గర ఎలా తప్పారండీ అని అడిగాడు. పేస్టు రాసింది నేను కాదని చెప్పాను. కొత్తది వేయనా అంటే వద్దన్నాను. బఠాణీ గింజంత పేస్టు పెట్టి, ఊపిరి బిగబట్టి, నువ్వు ఆ ప్రాసెసర్ని బోర్డు గూట్లో దించిన రోజు నాకు గుర్తుంది. ఇంకొకటి తెచ్చి అక్కడ పెట్టాలనిపించలేదు. పాడైనదాన్నే మళ్ళీ పెట్టించి తెచ్చుకున్నాను. వోల్టేజి సంగతి ఆ సాయంత్రం ఫోన్లో ఫొటో చూసినప్పుడు తెలిసింది. ఆ ఫొటో కాగితం మీద తీయించి ఈ ఉత్తరంతో పెడుతున్నాను.

ఆ వారమే రాసి ఉండాల్సింది. రాద్దామనే కూర్చున్నాను. మీ ఆఫీసు ఫోన్ ఎవరైనా పోతేనో, ఏదైనా కాలితేనో వాడాలన్నావు కదా, కాలింది కదా అని ఒకసారి నంబరు కూడా నొక్కి పెట్టేశాను. తరువాత నీ పాత ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. నేను కుళాయి గురించీ, ల్యాబు గురించీ రాసినప్పుడు నీ జవాబు ఒక పేజీ, మహా అయితే ఒకటిన్నర. నేను వేడి, వోల్టేజి రాసి పంపినప్పుడు నాలుగు, అయిదు. అక్కడ నువ్వు ఉత్సాహంగా ఉంటావు, నన్ను తిడతావు, పక్కన బొమ్మలు గీస్తావు. ప్రాసెసర్ పోయిందని రాస్తే నాకు మళ్ళీ ఒక పేజీయే వస్తుంది. నాకు నాలుగు పేజీలు కావాలి. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

అందుకని అంకెలు పుట్టించాను. ఎనిమిది ఉత్తరాల నిండా పుట్టించాను. నా వృత్తే అది కదా, పెద్ద కష్టం కాలేదు. అన్నీ ఒకే వరసలో పెడితే తెలిసిపోతుందని ఒకసారి డెబ్భై తొమ్మిది రాశాను, ఒకసారి ఎనభై మూడు. ఒక వారం కావాలనే ఎనభై ఆరుకి వెళ్ళినట్టూ, భయపడి ఒక మెట్టు తగ్గినట్టూ రాశాను. దానికి నువ్వు అయిదు పేజీలు రాశావు. ఖాళీగా ఉన్నప్పటి వేడి మాత్రం చలికాలం పేజీలోంచి చూసి దించేశాను. ఎండాకాలం వచ్చిందని మర్చిపోయాను.

ఇంకొక్కటి కూడా చెప్పేస్తాను. ఇప్పటికీ ఆదివారం పొద్దున దాని ముందు కూర్చుంటాను. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి. తెర రాదు, చప్పుడు మాత్రం వస్తుంది. ఆ చప్పుడులో నోటుపుస్తకం తెరిచి, ఆ వారం నీకు రాయబోయే అంకె పైకి అంటాను. అని కాసేపు ఆగుతాను. అలవాటు.

నువ్వు రావాలని రాయడం లేదు. నీ పని నాకు తెలుసు, ఆ గిన్నె అంటే నీకెంత ఇష్టమో తెలుసు. పని కోసం ఉండాలనిపిస్తే ఉండు, నేను ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ తట్టుకుంటాను. నా అంకెలు చూసి మాత్రం సంతకం పెట్టకు. అవి కట్టుడు పళ్ళు. నేను ఈ పద్నాలుగు నెలల్లో నిలకడగా ఉన్నది ఒక్క కాగితం మీదే. నీ మీద కోపం లేదు, నువ్వు లేకపోవడం మీద ఉంది. నాకు చాలా ఒంటరిగా ఉంది.

ఈ ఉత్తరం నెలాఖరు వ్యానులోనే నీకు చేరాలి. చేరేసరికి ఫారం నీ చేతిలో ఉంటుంది, గంట టైముంటుంది. అందుకని ఇవాళ్టి కొలతలు, ఈసారి చూసి రాస్తున్నవి: గది ముప్పై నాలుగు. ప్రాసెసర్ లేదు. అన్నం ఇద్దరికి.

మొదట రాసిన క్షేమం మాట ఒక్కటి మిగిలింది. అది కొట్టేసి దాని బదులు ఇది వేసుకో: నేను బాగాలేను. ఇప్పుడే ఖాళీ గదిలో గట్టిగా ఒకసారి అన్నాను. మన నియమం ప్రకారం ఇంకా లెక్కలోకి రాదు. నువ్వు అక్కడ ఈ కాగితం చూసి, ఎవరు వింటే వాళ్ళు విననీ, అదే మాట ఒకసారి పైకి అను. ఆ తరువాత పెన్ను తీసుకో.

ఇట్లు,
మీ ఆయన