అలిందా రాళ్లకోసం వచ్చిన తమ్ముడు

నా కళ్ల వెలుగు జెన్నెత్‌కు,

నీ రెండు కళ్లూ ముద్దాడి అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేనూ, మేకలూ క్షేమం. అక్కడ సినోప్‌లో నువ్వూ, అల్లుడూ, పాపా చల్లగా ఉన్నారని తలుస్తాను.

మోకాలి గురించి అడిగావు. కొండ ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడే సణుగుతుంది. సూప్‌కి పెరుగూ పిండీ కలిపిన తర్హానా ఎండింది, సంచీ కట్టి పంపుతాను. కోట శిథిలాల తవ్వకాల వాళ్లు ఇంకా రాలేదు. పాత నాటకశాల మెట్ల మీద మన మేకలే కూర్చుంటున్నాయి.

ఈమధ్య ఒక గొడవ జరిగింది. పేరు చూసి ఉత్తరం చింపకు. మీ దుర్ముష్ మామయ్య గడ్డపారతో, కంచరగాడిదతో పైకొచ్చాడు. తాత పోగానే "మొగుడు లేనిదానికి ఇంత ఇల్లెందుకు" అని మనల్ని గడప దాటించిన తరువాత ఇటు రావడం ఇదే మొదలు. కొత్త పశువుల కొట్టానికి పాత సంత గోడ రాళ్లు కావాలట.

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాను.

"నీ అబ్బ సొమ్మా?"

"నీ అబ్బ సొమ్మూ కాదు! ఈ గోడ కిందే కదరా నాన్న మనకి అదా రాణి కథ చెప్పింది?"

నీకూ చెప్పాను కదా. తమ్ముడు రాజ్యం లాక్కుంటే ఆమె ఈ అలిందా కోటలో తలుపులేసుకుని కూర్చుంది. అలెగ్జాండర్ వచ్చాక అతన్ని కొడుకుగా చేసుకుని, రోజూ మిఠాయిలు పంపి, పోయిన రాజ్యం తిరిగి తెచ్చుకుంది.

మామయ్య వినలేదు. గడ్డపార దూర్చి ఊపాడు. రాయి జారి పాదం మీద పడింది. అరిచిన అరుపుకు మేకలు చెదిరిపోయాయి. అదే గడ్డపారతో రాయి లేపాను. ఎలా లేపానో నాకే తెలియదు. వాణ్ణి కంచరగాడిద మీద వేసి తీసుకెళ్లి ఎముకలు కట్టేవాడిని పిలిపించాను.

తీసుకెళ్లింది వాడింటికి కాదు తల్లీ, మనింటికి. అప్పటినుంచీ మీ మామయ్య నీ మంచం మీదే ఉన్నాడు. భార్య వచ్చి పిలిచినా కదల్లేదు. వాడి మొహం చూడనన్న నీ శపథం తెలుసు కనుక ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

మొన్న సూప్ తాగుతూ అడిగాడు: "అక్కా, ఆ రాణి తమ్ముడు చివరికేమయ్యాడే?"

"ఆమె మళ్లీ గద్దెక్కకముందే చచ్చాడు. అక్కతో మాటల్లేకుండానే పోయాడు."

గిన్నె కింద పెట్టాడు. "నేను వచ్చాగా."

"రాళ్లు ఎత్తుకుపోవడానికి వచ్చావురా!"

ఇద్దరం నవ్వాం. తరువాత వాడు ఏడ్చాడు, నేను ఏడ్వలేదు. ఇల్లు తీసుకో, కిందికి రా అంటున్నాడు. రానన్నాను. నాకిక్కడ గాలి బావుంది. కింది ఆలివ్ తోటలో సగం మాత్రం నీ పేరిట రాయమన్నాను. సరేనన్నాడు. ఈ ఏడు కాయలు అందరం కలిసే దులుపుతాం.

నా మనసు తేలికగా ఉంది జెన్నెత్. నన్ను చూసి నువ్వు క్షమించనక్కర్లేదు. బైరామ్ పండక్కి వచ్చినప్పుడు వాణ్ణి కడుపునిండా తిట్టు, నేను అడ్డురాను. తిట్టడం అయ్యాక ఒక్కసారి, పెద్దలకు చేసినట్టే, వాడి చెయ్యి ముద్దాడి నుదుటికి ఆనించుకో.

ఇట్లు,
నీ రాక కోసం పరుపు ఎండేస్తున్న
మీ అమ్మ నజ్మియే