గుంట కొలత

తమ్ముడూ, ఈ ఉత్తరం పక్కింటి కుర్రాడి చేత రాయిస్తున్నాను.

ఆరేళ్ల కిందట మన పందుల పెంటకు గుంట ఎంత తవ్వాలో లెక్క కట్టింది నువ్వు. షెడ్డు కడిగే నీళ్లు, వాన నీళ్లు కూడా లెక్కలో కలపమని నేనంటే, "వేలిముద్రగాడివి, నీకెందుకన్నయ్యా లెక్కలు?" అని కూలీల ముందు నవ్వావు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. చదువుకున్నవాడివని నీ కొలతకే తవ్వించాను, అదే నా తప్పు.

నాలుగు నెలలకు సరిపోవాల్సిన గుంట రెండు నెలలకే నిండుతోంది. మొన్నటి వానకు అది పొంగి, పెంట నీళ్లు అక్కవాళ్ల బావిలో కలిశాయి. నేను గుంట తోడించకుండా బద్ధకించానని అక్కతో అన్నావట! నేను మోసుకెళ్లిన మంచినీళ్ల బిందెను ఆమె గుమ్మంలోనే పారబోసింది.

నీ క్షమాపణ నాకక్కర్లేదు. కొలత నీదేనని అక్కకు నీ నోటితోనే చెప్పు. చెప్పానని శుక్రవారంలోగా నాకు జవాబు రాయి.