లొట్టి ఉన్న చెట్టు

శుక్రవారం, అన్నం తిన్నాక

కొత్త రంపం మిషన్ ఇవాళ వాకిట్లో స్టార్ట్ చేశాను. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసి, చెయ్యి నొప్పి పుట్టేదాకా తాడు లాగితే గానీ అందుకోలేదు. మొదటి ట్యాంకు అయ్యేదాకా రేసు పెంచొద్దని షాపతను చెప్పాడు కాబట్టి సన్న కొమ్మలే కోశాను.

మా బాపు అరుగు మీంచి లేచి వచ్చి, గ్లాసులోని కల్లులో వేలు ముంచి మిషన్ ముందు మూడు చుక్కలు చిలకరించాడు. ఆదిభట్ల దారిలో ప్లాట్ల కోసం రేపు నేను కోసేది ఆయన ఇన్నేళ్లూ కల్లు గీసిన తాటిచెట్లనే. చెప్పలేక, తుమ్మలు కోస్తానన్నాను.

"తుమ్మలకు గింత పెద్ద మిషిన్ ఎందుకురా," అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "గట్టు మీది తాటిచెట్టుకు నా కల్లు పట్టే లొట్టి ఇంక గట్లనే ఉన్నది. లొట్టి ఉండంగ చెట్టు కొయ్యొద్దు. పొద్దుగాల నేనెక్కి దించుకుంట."

పోయినేడు ఆయన పడింది ఆ చెట్టు మీంచే. అప్పటి నుంచి ఎడమ మోకాలు వంగదు. నేనెక్కుతానని అనలేకపోయాను. నేర్పుతానన్న రోజుల్లో సిగ్గుపడి వద్దన్నది నేనే.

బాపు చెట్టెక్కే మోకుకు నూనె రాసి, తలకింద పెట్టుకుని పడుకున్నాడు.