చెరుకుతోటల సిపాయిలు

నిజామాబాద్
ఆదివారం సాయంత్రం

ప్రియమైన లాసీకి,

మంచిగున్నవా? నేనైతే మంచిగ లేను, మండిపోతున్న. ఫోన్ చేద్దామనుకున్న గాని ఫోన్ల జెప్తే తిట్టుడు సగంలనే ఆగుతది, నువ్వు మధ్యల నవ్వుతవు. అందుకే రాస్తున్న. కూసొని పూరా చదువు.

మన ఆదివారం బొమ్మల యుద్ధం యాదికుంది కద? టైలర్ దుకాణం మీది గది, పెద్ద బల్ల, బొటనవేలంత సిపాయిలు, పాచికలు. నువ్వు డిగ్రీ అయిపోయి చందూర్ పోయినంక గూడ నేను వదలలే. ఇప్పుడు అఖిలేష్ అని ఒకడు కొత్తగ చేరిండు. విదేశాలకెళ్ళి తెప్పించిన ప్లాస్టిక్ కోట, కూలిన గోడలు, రెడీమేడ్ చెట్లు పట్టుకొచ్చిండు. మస్తున్నయి, కాదన. కాని నేను అట్టపెట్టెలతోని చేసిన ఇండ్లు, థర్మకోల్ గుట్టలు బల్ల మీద పెడితే ఏమన్నడో తెలుసా? "ఇది యుద్ధభూమా, చెత్తకుండీనా?" అందరు నవ్విండ్రు. రంజిత్ గూడ నవ్విండు, నా దగ్గర ఆట నేర్చుకున్నోడు!

శివరాత్రి ముందర పోటీ ఉన్నది. కొన్న సామాను పెట్టిన బల్లల మీదనే ఆడాలె అని రూల్ పెడదామన్నడు అఖిలేష్. ఇంక నేను ఆగలే. లేచి నిలబడి అన్న: "నా బల్ల నేనే చేస్త. మన ఊరినే పెడత. ఆ రోజు నా బల్ల మీద ఎవ్వరు ఆడకపోతే నా సిపాయిలను సర్దుకొని పోత, మల్ల ఈ మెట్లెక్క." కోపంల నోరు జారిన అనుకుంటున్నవేమో. లేదు, సోంచాయించే అన్న. ఈ ఆట పోతే నాకు వారంల మిగిలేది ఫ్లెక్స్ దుకాణంల పని, ఇల్లు, అంతే.

కొనాలంటే నా జీతం సరిపోదు, నిజమే. సరిపోయినా కొనను. ఏ దేశపోళ్ళ కోటనో మనమెందుకు కాపాడాలె? నాకు నిజాంసాగర్ కాలువ కావాలె, సిరికొండ గుట్టలు కావాలె. అవి నేను చూసుకుంట. చెరుకుతోట నీ జిమ్మేదారి.

జిద్దు మీదున్న
నీ నవత


చందూర్
బుధవారం

ప్రియమైన నవ్వూ,

చెత్తకుండీనా! వాడి మొహం మండ. నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదే.

నీకో పెట్టె పంపాను, అందులో ఉన్నది నిజం చెరుకే. మా గానుగలో రసం తీశాక మిగిలిన పిప్పి. పీచు పీచుగా విడదీసి, ఎండలో పెళపెళలాడేలా ఎండబెట్టి, పచ్చరంగు వేసి, అట్టముక్కల మీద నిలబెట్టి అతికించాను. బెల్లం పొయ్యిలోకి మేం ఎప్పుడూ ఎండబెట్టేదే కదా, ఆ పనిలో నాకు వంక పెట్టేవాళ్ళు లేరు.

ఒక్క మాట. ఉన్నదంతా బల్ల మీద కుమ్మరించకు, సిపాయిలు నడవడానికి చోటుండాలి. మోకాళ్ళ దాకా వచ్చే చెట్టు వద్దే వద్దు. సిపాయి నెత్తి కంటే చెరుకు ఎత్తుండాలి, అప్పుడే వాడు దాక్కోగలడు. నేను అలాగే కొలిచి చేశాను. కాలువ మీద వంతెన ఒక్కటే పెట్టు. రెండు పెడితే ఎవడి దారిన వాడు పోతాడు, ఇంక కొట్లాట ఏముంటుంది? తోటల మధ్య బండి దారి మర్చిపోకు.

మా తాతయ్య చూసి "ఈ వయసులో బొమ్మలేంటే" అన్నాడు. "బొమ్మలు కాదు తాతయ్యా, సైన్యం" అన్నాను. "అయితే కాలువ నీళ్ళ వంతు గొడవకి పంపు, అక్కడ మనుషులు చాలట్లేదు" అన్నాడు!

పెట్టె బోధన్‌లో బస్సు పార్సిల్‌లో వేశాను, వెళ్ళి తెచ్చుకో. వాడి ముందు తల మాత్రం వంచకు.

నీ సేనాపతి
లాస్య


నిజామాబాద్
శనివారం

ప్రియమైన లాసీకి,

అబ్బ, ఏం చెరుకే! మూత తీస్తే ఇల్లంతా బెల్లం వాసన. మా అవ్వ బీడీలు చుట్టుకుంట "ఎవరింట్ల అరిసెలు చేస్తున్నరే" అన్నది. నేను గా వాసన పీల్చుకుంట ఎంతసేపు కూసున్ననో నాకే తెల్వదు.

నా బల్ల సంగతి విను. మా ఫ్లెక్స్ దుకాణంల పడేసే పాత బ్యానర్ తెచ్చి, తిరగేసి, నల్లమట్టి జల్లెడ పట్టి జిగురుతోని అతికించిన. గదే భూమి. కింద ఎవరో లీడర్ పుట్టినరోజు నవ్వు నవ్వుతనే ఉన్నడు, పాపం. కాలువకు నీలం రంగు పూసి మీదికెళ్ళి వార్నిష్ కొట్టిన, నిజంగ తడిసినట్లే ఉన్నది. ఇండ్ల పైకప్పులకు అవ్వ ఆకు కత్తిరించంగ మిగిలిన తునికాకు ముక్కలు. "నా ఆకుతోని ఇండ్లు కడుతున్నవా, నాకొక అర్ర ఇయ్యి మరి" అని నవ్వింది.

వంతెన ఒక్కటే పెట్టిన, నీ మాట తీసెయ్యలే. ఇయ్యాల బల్ల మీద అంత అమర్చి వచ్చిన. రేపే పోటీ. ఈ చిన్న డబ్బాల నీకోసం ఒక తునికాకు ఇల్లు పెట్టిన, తాతయ్యకు చూపెట్టు.

భయం లేని
నీ నవత


చందూర్
శుక్రవారం

ప్రియమైన నవ్వూ,

ఏమైందే? ఫోన్ ఎత్తవు, మెసేజ్ చూస్తావు, జవాబివ్వవు. గెలిచావా, ఓడావా? తిట్టడానికైనా ఒక్క ముక్క రాయి.

కంగారుగా
లాస్య


నిజామాబాద్
సోమవారం

లాస్యకు,

నువ్వు పిప్పి కడిగినవా? ఒక్క మాట చెప్పు, కడిగినవా?

పోటీ రోజు రంజిత్ సీదా నా బల్ల కాడికే వచ్చి ఎదురుగ కూసున్నడు. పరమేశ్వర్ నా జోడి. ఆట ఏం నడిచింది అనుకున్నవు! అఖిలేష్ బల్ల కాడున్నోళ్ళు గూడ వచ్చి చూసిండ్రు. నా సిపాయిలు చెరుకుల దాక్కున్నరు, రంజిత్‌కు దారి దొరుకుతలేదు. అంతల పరమేశ్వర్ "అక్కా, చెరుకు కదులుతున్నదేంది" అన్నడు.

చీమలు. ఎర్రచీమలు. కిటికీలకెళ్ళి దండు కట్టి వచ్చి తోటల దూరినయి. పరమేశ్వర్ చెయ్యి కరిచినయి. పక్క బల్ల మీద కోట గూడ ఎక్కినయి. అఖిలేష్ చేతులు కట్టుకొని "నేను ముందే అన్న కద, చెత్తకుండీ అని" అన్నడు. నా ఇజ్జత్ మొత్తం పోయింది లాసీ. నా సిపాయిలను దోసిట్ల ఎత్తుకొని మెట్లు దిగిన. బల్ల ఆడనే వదిలేసిన. ఇంటికొచ్చి ఏడ్చిన, అవ్వకు చెప్పలే.

నీ పెట్టె ఖాళీగ పంపుతున్న. ఇంక చెరుకు వద్దు, ఏమొద్దు.

నవత


చందూర్
గురువారం

ప్రియమైన నవ్వూ,

తప్పు నాదే. మేం పిప్పి ఎండబెట్టేది పొయ్యిలో వేయడానికి. మంటలో వేసేదాన్ని ఎవరైనా కడుగుతారా? కడగాలన్న ఆలోచనే నాకు రాలేదు, తీపంతా అందులోనే ఉండిపోయింది. తెలిశాక నా చెంపలు నేనే వాయించుకున్నాను. నిన్ను అందరి ముందు ఏడిపించాను, క్షమించు.

ఇప్పుడు నా కోపం కూడా విను. నువ్వేమని మాటిచ్చావు? ఎవ్వరూ ఆడకపోతే పోతానన్నావు. ఆడారు కదే! ఒకడు ఎదురుగా కూర్చున్నాడు, ఒకడు నీ జోడీగా ఉండి చీమలతో కుట్టించుకున్నాడు. వాళ్ళు లేచారని నువ్వెక్కడా రాయలేదు. లేచింది నువ్వే. అఖిలేష్ నిన్ను పంపించలేదు, నీ అంతట నువ్వే దిగిపోయావు. అది నాకస్సలు నచ్చలేదు.

కొత్త చెరుకు పంపుతున్నాను. వేడినీళ్ళలో ఉడకబెట్టి, కాలువలో జాడించి, మళ్ళీ ఉడకబెట్టి, నాలుక మీద పెట్టుకుని చూశాను. గడ్డి కంటే చప్పగా ఉంది. ఎందుకైనా మంచిది, బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టు. వెళ్ళు. వెళ్ళకపోతే నేనే బస్సెక్కి వచ్చి నిన్ను జుట్టు పట్టుకుని మెట్లెక్కిస్తాను.

ఎప్పటికీ నీ
లాస్య


నిజామాబాద్
ఆదివారం సాయంత్రం

ప్రియమైన నా సేనాపతికి,

పోయిన. మెట్ల కాడికెళ్ళి రెండుసార్లు ఎనకకు మర్లిన, అయినా పోయిన.

తలుపు తీస్తే నా బల్ల అట్లనే ఉన్నది. కాలువ, గుట్టలు, అవ్వ ఆకు ఇండ్లు, చీమలు పట్టిన చెరుకు తప్ప ఒక్కటి గూడ కదపలే. బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు అప్పటికే ఉన్నయి! రంజిత్ పెట్టిండంట. ఇంకో సంగతి విను. బల్ల మీద నా సిపాయిలకు బదులు గుండీలు ఉన్నయి. కింద టైలర్ కాడ అడుక్కొచ్చి, ఏ సిపాయి ఏడ నిలబడ్డడో గుర్తు పట్టి, పరమేశ్వర్ నా వంతు ఆడిండు. ఆట ఆపలేదు లాసీ! తోటల చీమ కనబడితే ఆడున్న సిపాయి బయటికి ఉరకాలె అని అప్పటికప్పుడు రూల్ చేసుకున్నరు. చీకటి పడేదాక ఆడిండ్రు. నా గుండీలు ఓడిపోయినయి, పోనియ్యి. "ఎటు పోయినవక్కా, ఇంత మజా వచ్చే ఆట ఇడిసిపెట్టి" అన్నడు రంజిత్. ఆని నెత్తి మీద ఒక్కటిచ్చిన. ఏడుపు ఆపుకోవాలె కద మరి.

నీ కొత్త చెరుకు నాటుతుంటే అఖిలేష్ వచ్చిండు. చేతుల కోట. నా దిక్కు చూడకుంట "దీన్ని నీ తోటల నడుమ పెట్టొచ్చా" అన్నడు. "వద్దక్కా, కొన్నది పెట్టొద్దని మనం గూడ రూల్ పెడదాం" అన్నడు రంజిత్. "గసొంటి రూల్ పెట్టేటోళ్ళు గదిల ఒక్కరున్నరు, చాలు" అన్న. అఖిలేష్ దిక్కు తిరిగి, "పెట్టుకో. కాని ముందుగాల చెత్తకుండీ అన్న మాట వాపస్ తీసుకో" అన్న. కోట కింద పెట్టిండు, మల్ల ఎత్తిండు. ఆఖరికి అందరి ముందర ఆ మాట వాపస్ తీసుకున్నడు.

వచ్చే ఆదివారం ఆట వానితోనే. కోటల వాడు, చెరుకుల నేను. నువ్వు గూడ బస్సెక్కి రా, జుట్టు పట్టుకునుడు అవసరం లేదు.

నువ్వు కడిగిన చెరుకు మంచిగున్నది, ఒక్క చీమ రాలే. గదే నాకు నచ్చుతలేదు. చీమల రూల్ తోటకే కాదు, కోటకు గూడ అని అందరు ఒప్పుకున్నరు, గోడ మీద రాసినం గూడ. అందుకే వచ్చేటప్పుడు ఒక కట్ట పిప్పి కడగకుంట తీసుకరా. అఖిలేష్‌కు చెప్పే నాటుత, వాని కోట గోడకు ఆనిచ్చి.

మల్ల మెట్లు దిగని
నీ నవత