ఉమ్మేసే ఉద్యోగం

అమ్మా, నేను కులాసా. హోటల్లో వైన్ పోసే ఉద్యోగమని తెలిసిన దగ్గర్నుంచి నువ్వు ఉత్తరాలు మానేశావు. ఒట్టు, నేను తాగను. పోసే ముందు బాగుందో లేదో రుచి చూసి ఉమ్మేస్తాను.

నిన్న ఒక పెద్దాయన ఎర్రటి తీపి వైన్ తాగుతూ, "ఇంత పుల్లగా ఉందేమిటయ్యా?" అని కసురుకున్నారు. ద్రాక్షరసంలో తీపి మిగిలుండగానే సారా కలిపి, పులియడం ఆపేసిన రకం అది. చూస్తే, అంతకన్నా తియ్యటి కేకు తింటున్నారు. ఆ ప్లేటు తీసి ఉప్పటి చీజ్ పెట్టాను.

"ఇప్పుడు అమృతంలా ఉంది! ఎవరు నేర్పారు?" అన్నారు.

"మా అమ్మండీ. మిఠాయి తిన్నాక టీ చప్పగా ఉంటుందని, ముందు టీ తాగమనేది."

చెల్లికి దగ్గు తగ్గిందా? మోకాళ్లకు తైలం రాసుకుంటున్నావా? నాన్నకు నమస్కారాలు. నీ తిట్లు తిని చాలా రోజులైంది. కార్డు నిండా రాయి.

నీ పెద్దాడు