మద్దిచెట్టు దగ్గర

ఆళ్లగడ్డ,
16 నవంబరు 1958

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తమ్మ, మామయ్య, నేను కులాసా. మీ దగ్గు తగ్గిందని రాస్తే ఇంకాస్త కులాసాగా ఉంటాం.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. ఎనుము ఈనింది, పెయ్యదూడ. మామయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది. నూనె రాస్తానంటే ఊరుకోరు, రాయకపోతే మూలుగుతారు.

మనిద్దరి కోసం మీరు మద్రాసులో చూసిన గది ఉంచాలా, వదిలేయాలా అని అడిగారు. వదిలేయండి. కాలేజీ పని నాకు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మొన్నటి అడవి నడక సంగతి రాయాలి.

యశోదమ్మగారు మద్రాసు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. నల్లమల మొక్కల తెలుగు పేర్లు తెలిసిన అమ్మాయి తోడు కావాలని మా కాన్వెంటు సిస్టరుకు రాశారు. సిస్టరు నా పేరూ, నాతో చదివిన హన్నమ్మ పేరూ పంపారు. అహోబిలం దగ్గర మమ్మల్ని అడవిలో నడిపించి చూసి, ఒకరిని తీసుకుపోతానన్నారు. కోడలిని ఒంటరిగా పంపరు కనుక అత్తమ్మ కూడా వచ్చారు.

వానలు వెనకబట్టినా అడవి పచ్చగానే ఉంది. వాగు పక్కన రాతి నెర్రెలో చిన్న విసనకర్ర విప్పినట్టు ఒక మొక్క. "దీని లాటిన్ పేరు నాకు తెలుసమ్మా. ఈ ఊళ్లవాళ్లు ఏమంటారో అదే కావాలి" అన్నారు యశోదమ్మగారు.

మయూరశిఖ అన్నాను. తడిగట్టు మీద నల్లటి సన్న కాడలున్నది హంసపాది అన్నాను. రేకుల మొదట్లో పసుపు, కొసల్లో ఎరుపు ఉన్న పువ్వు అడవినాభి అనీ, దాని దుంప విషమని మా అవ్వ తాకనిచ్చేది కాదనీ చెప్పాను. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదని మీకు తెలుసు. ఆ రోజు వచ్చింది.

హన్నమ్మ నవ్వేసింది. "నాకు అన్నీ ఆకులేనమ్మా."

"ఆకులు ఏరుకునేదానికి మద్రాసు పోవల్లనా తల్లీ? మా దొడ్లో లేవా?" అన్నారు అత్తమ్మ. యశోదమ్మగారు కూడా నవ్వారు. నన్నే తీసుకుపోతారని అప్పుడు అనుకున్నాను.

గుట్ట మలుపులో పెద్ద చెట్టు. నల్లటి బెరడు మొసలి వీపులా పగిలి ఉంది. "ఇదేమిటమ్మా?" అని నన్నే అడిగారు.

ఇంట్లో అందరూ మిమ్మల్ని పిలిచే పేరే ఆ చెట్టుది. మద్ది. రాయడానికి చెయ్యి ఒప్పుకుంటుంది. నోరు ఒప్పుకోలేదు. మావారి పేరని చెప్పి తప్పించుకోవడానికైనా మాట పెగల్లేదు. తల దించుకుని నిలబడ్డాను.

"అడవంతా ఈ చెట్లే కదమ్మా. నిజంగా తెలియదా?"

"మద్దిచెట్టు కదమ్మా" అంది హన్నమ్మ వెనకనుంచి. పాపం, దానికి మీ పేరు తెలియదు.

దిగేటప్పుడు యశోదమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి, చిన్న మొక్కలు బాగా చెప్పావు, కానీ ఇంత పెద్ద చెట్టు తెలియనిదానితో నా పని సాగదమ్మా అన్నారు. వచ్చే సోమవారం హన్నమ్మ బయలుదేరుతుంది.

బస్సులో అత్తమ్మ ఊరుకోలేదు. "ఏమే, నోరు పడిపోయిందా? చెప్పు చెప్పు అని నేను తల ఊపుతాంటే నువ్వు నేల చూస్తాండావ్!"

"ఆయన పేరు కదా, అత్తమ్మా."

"నేను పొద్దున లేస్తే శేషయ్యా, శేషయ్యా అని మీ మామను పేరు పెట్టి తిడతాండా. ఆయన ఆయుస్సేమన్నా తగ్గిందా?"

ముందు సీటువాళ్లు నవ్వారు. ఇల్లు చేరాక మాత్రం ఆమె గొంతు మారింది. "వాడు ఆడ ఒక్కడే వండుకొని తింటాండాడు. నిన్ను పంపుదామనే కదే నేను ఆ గుట్ట ఎక్కింది" అన్నారు. ఆ పూట సరిగా తినలేదు.

అది సిగ్గని అత్తమ్మ అనుకున్నారు. నేనూ అవునన్నాను. మీకు మాత్రం నిజం రాస్తున్నాను. ఆమె తల ఊపడం నేను చూశాను.

నంద్యాల స్టేషన్లో రైలు ఎక్కేముందు, "ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు, ఎవరూ వినరులే" అన్నారు మీరు. రైలు కదిలింది. కిటికీలోంచి మీరు ఇంకా నా నోటివైపే చూస్తున్నారు. ఆ మాట నేను మొదటిసారి అనేది మీ ఎదుటే అనాలని అప్పుడే అనుకున్నాను. చెట్టు కింద దాన్ని యశోదమ్మగారికి ఇవ్వబుద్ధి కాలేదు. ఇచ్చి ఉంటే వచ్చే వారం మీ దగ్గరే ఉండి, పిలవాలన్నప్పుడల్లా పిలిచేదాన్ని. ఇది ఆ క్షణాన నాకు తోచలేదు.

నిన్న బావి దగ్గర ఎవరూ లేనప్పుడు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి చూశాను. ఏమీ కష్టం కాలేదు.

ఇట్లు,
మీ ఇల్లాలు
సుమిత్ర